పరిశీలనకు మాత్రమే

నడిమికుంటపల్లిలో నీళ్లున్న బావి ఒక్కటంటే ఒక్కటి మిగిలిందంటే, దానికి కారణం ఇద్దరు తోడికోడళ్లు నలభై ఆరేళ్లుగా పోట్లాడుకోవడమే.

ఊరి చుట్టూ రెండు వందల పదమూడు బోర్లు వేశారు. మొదట్లో నూట యాభై అడుగులకు పడ్డ నీళ్లు తర్వాత నాలుగు వందలకు దిగాయి, ఆ తర్వాత తొమ్మిది వందలకు. చివరికి బోరు బండి వాళ్లు తెల్లటి దుమ్ము తప్ప పైకి ఏమీ తీయలేక, అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలల్లో తిరిగి నీళ్లు చూసిన మనిషి మీద నెపం వేసి వెళ్లిపోయారు. కుళ్లాయమ్మ, సుంకమ్మల దిగుడు బావి మాత్రం ముప్పై అడుగుల లోతునే ఉండి, నడివేసవిలో కూడా ఆరు మెట్లు మునిగేటన్ని నీళ్లు పట్టుకుని కూర్చుంది. దానికి ఎవరూ మోటారు బిగించలేదు మరి. బావి అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడి. మోటారు తూర్పు గట్టున పెట్టాలని పెద్దకోడలు కుళ్లాయమ్మ పట్టు. పడమటి గట్టునే పెట్టాలని చిన్నకోడలు సుంకమ్మ పంతం. పెద్దమనుషులు నాలుగుసార్లు పంచాయితీ చేశారు. అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు కన్నుమూశారు. మోటారు రాలేదు. రెండు గట్ల మీదా రెండు గిలకలు మిగిలాయి. పొద్దున వంతు పెద్దకోడలిది, సాయంత్రం వంతు చిన్నకోడలిది. చెరి పది సెంట్ల కనకాంబరం తోట దాంతోనే బతికేది. ఊరికి ట్యాంకరు రాని రోజున ఇంటికి రెండు బిందెల చొప్పున అందరూ అక్కడే చేదుకునేవాళ్లు.

కుళ్లాయమ్మకు డెబ్బై రెండేళ్లు. భయస్థురాలు. గాలి గట్టిగా వీస్తే కప్పు రేకు లేచిపోతుందని దిగులు, వీచకపోతే వాన రాదని దిగులు. బడి గడప తొక్కలేదు. ముప్పై ఏళ్లు దాటాక, పూలు కట్టడానికి తెచ్చిన పాత పేపరు ముక్కల మీద అక్షరాలు ఒకదానికొకటి అతికించుకుంటూ తనంతట తానే చదువు నేర్చుకుంది. అప్పట్నించీ కంటబడిన కాగితాన్ని చదవకుండా వదల్లేదు. మాత్రల డబ్బాలో మడిచిపెట్టిన చీటీ, బస్సు టికెట్టు వెనకాల అచ్చు, ఓట్లప్పుడు పంచిన కరపత్రం, అన్నీ వేలు పెట్టి చదివేది. ఆమె అన్నిటికన్నా ఎక్కువ భయపడేది పొద్దున ఏడు గంటల బస్సుకు. బెంగళూరు పోయే ఆ బస్సు, ఎండిన పది బోర్లకు ఒక ఇల్లు చొప్పున ఊరిని మోసుకుపోయింది. అరవై ఇళ్లలో ఇరవై రెండు పోయాయి. ప్రతి ఇంటివాళ్లనూ రోడ్డుదాకా సాగనంపింది కుళ్లాయమ్మే. ఎవరు ఏ మూట పట్టుకున్నారో, ఎవరు వెనక్కి తిరిగి చూశారో, ఎవరు చూడలేదో ఆమెకు ఇప్పటికీ వరసగా గుర్తు.

ఇలా ఉండగా, జిల్లాలో అధోజల సంస్కరణ విభాగమని ఒకటి వెలిసింది. భూమి అడుగున ఉన్న నీళ్లకు బుద్ధి చెప్పడం దాని పని. బుద్ధి ఎలా చెప్పాలో తెలియక, పడమటి సముద్రం ఒడ్డున ఉన్న ఒక రాష్ట్రంలో ఈ విషయమై గొప్ప చట్టం వచ్చిందని, దాని వల్ల అక్కడి బావులన్నీ కళకళలాడుతున్నాయని విని, పదకొండు మంది అధికారులు ఎనిమిది రోజులు ఆ రాష్ట్రానికి అధ్యయనానికి వెళ్లారు. అక్కడ ఏడాదిలో ఐదు నెలలు వాన కురుస్తుందన్న సంగతి వారి నివేదికలో ‘ప్రయాణ ఇబ్బందులు’ అనే శీర్షిక కింద ఉంది.

తిరిగొచ్చాక ఆ చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా తెలుగులోకి దించారు. అరవై నాలుగు పేజీలు అయింది. అందులో ఏడో నియమం ప్రకారం ప్రతి ప్రాంతానికీ ఒక పరిశీలన బావి ఉండాలి. దాన్ని చూసి నీటిమట్టం ఎంత ఉందో కనిపెడుతూ ఉండాలి. ఎనిమిదో నియమం ప్రకారం ఆ బావిలో నీళ్లు ఎవరూ తోడకూడదు. తోడితే మట్టం తప్పుగా చూపిస్తుంది. బృందానికి పెద్దగా వెళ్లిన డిప్యూటీ డైరెక్టరు పరాంకుశంగారు అక్కడి పరిశీలన కేంద్రాన్ని వర్షంలో, కారు అద్దంలోంచి స్వయంగా చూశారు. నీలం రంగు మూత, మూతకు తాళం ఆయనకు కనిపించాయి. మూత కింద ఏముందో కనిపించలేదు.

వైశాఖంలో ఒకరోజు మూడు జీపులు నడిమికుంటపల్లికి వచ్చాయి. పరిశీలనకు తగిన బావిని ఎంపిక చెయ్యాలి. అధికారులు ఒక్కొక్క బోరు దగ్గరా ఆగారు. ఫీల్డు అసిస్టెంటు శేషఫణి టేపు లోపలికి వదిలాడు. నలభై ఏళ్ల మనిషి, ఆ చుట్టుపక్కలవాడే, నెమ్మదస్తుడు. టేపు ఎంత దూరం వెళ్లినా పొడిగానే పైకొచ్చింది. ముప్పై బోర్లు చూశాక పరాంకుశంగారు చెమట తుడుచుకుని, ఇవి ఏవీ పరిశీలనకు పనికిరావనీ, నీళ్లే లేని చోట నీటిని గమనించడం శాస్త్రవిరుద్ధమనీ చెప్పారు. అప్పుడు ఎవరో దిగుడు బావి మాట ఎత్తారు.

అది కుళ్లాయమ్మ వంతు. ఆమె గిలక మీద చేద లాగుతూ ఉండగా, పదకొండు మంది ప్యాంట్ల వాళ్లు గట్టు చుట్టూ చేరి లోపలికి తొంగిచూశారు. పరాంకుశంగారి కళ్లు చెమర్చాయి. ఇన్ని రోజులకు మన రాష్ట్రంలో గమనించదగ్గ నీళ్లు కనిపించాయని పక్కవారితో అన్నారు. తర్వాత కుళ్లాయమ్మ వైపు తిరిగి, ఆమె చేతిలోని చేదను వేలుతో చూపిస్తూ, ప్రస్తుతము జరుగుచున్న ఈ కార్యక్రమమును తక్షణము నిలిపివేయవలసిందని చెప్పారు.

ఏ కార్యక్రమమో ఆమెకు తెలియలేదు. నీళ్లు చేదడమని శేషఫణి తగ్గు గొంతుతో చెప్పాడు.

"మరి మేము ఏం తాగాల సార్?" అంది.

"అమ్మా, నీవు తాగుట గురించి ఆలోచిస్తున్నావు. ప్రభుత్వము జలము గురించి ఆలోచిస్తున్నది" అన్నారు పరాంకుశంగారు, ఎంతో దయగా.

వారం తిరక్కుండా పని మొదలైంది. ఆ రాష్ట్రంలోని మూత కొలత నాలుగున్నర అడుగులని పుస్తకంలో ఉంది. దిగుడు బావి ఇరవై అడుగుల చదరం. కొలత మార్చడానికి ఎవరికీ అధికారం లేదు కనుక, బావినే మూత కొలతకు తెచ్చారు. అడ్డంగా ఇనుప దూలాలు వేసి, పైన సిమెంటు పలకలు పరిచి, మధ్యలో నాలుగున్నర అడుగుల కంత వదిలి, దాని మీద నీలం మూత బిగించి తాళం వేశారు. రెండు గిలకలూ ఊడదీశారు. పక్కన ఒక బోర్డు పాతారు: ‘పరిశీలనకు మాత్రమే. ప్రజల సందర్శన వేళలు సోమవారం పది నుండి పన్నెండు.’ చట్టం పుస్తకం కాపీ ఒకటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ప్రజలు చదువుకునేందుకు బోర్డుకే తగిలించారు. ప్రజలు చదవరన్న గట్టి నమ్మకంతో చేసిన ఏర్పాటు అది.

సోమవారం పదింటికి శేషఫణి తాళం తీసేవాడు. ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వరసగా వచ్చి, కంతలోంచి లోపలికి చూసి పోయేవాళ్లు. మొదటి సోమవారం సుంకమ్మ కూడా వచ్చింది. చాలాసేపు చూసి, పెళ్లికూతుర్ని చూపించి వెనక్కి తీసుకుపోయినట్లుందని శేషఫణితో అంది. అతను తలవంచుకుని టేపు చుట్టుకున్నాడు.

కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి అన్నారట వెనకటికి. కుండలో కూడు మాత్రం కుండలోనే ఉంది. ఆపైన రెండు వానలు కూడా పడ్డాయి. తోడేవాళ్లు లేక బావిలో నీళ్లు ఏడడుగులు పెరిగాయి. అధోజల సంస్కరణ విభాగంలో మిఠాయి పంచారు. చట్టం అమల్లోకి వచ్చిన మూడు నెలల్లో నడిమికుంటపల్లి సగటు నీటిమట్టం ఏడడుగులు పెరిగిందని నివేదిక వెళ్లింది. రెండు వందల పదమూడు బోర్ల మాటేమిటని పైనుంచి ఎవరో అడిగితే, కొలతకు అందని బోర్లను సగటులో చేర్చరాదని పదకొండో నియమం చూపించారు.

ఆ తర్వాత ఇంకో కాగితం వచ్చింది. నడిమికుంటపల్లిని జలసమృద్ధ గ్రామంగా గుర్తించినందున, నీటి ఎద్దడి గ్రామాల జాబితా నుంచి తొలగించి, ట్యాంకరు సరఫరా రద్దు చేశారట. అభినందనలు కూడా తెలిపారు. ఆ కాగితాన్ని పంచాయతీ ఆఫీసు గోడమీద చదివి ఊరికి వినిపించింది కుళ్లాయమ్మే. సమృద్ధి అనే మాట దగ్గర ఆమె గొంతు ఆగింది. అర్థం తెలియక కాదు.

నెల తిరిగేసరికి ఆరు ఇళ్లు ఏడు గంటల బస్సెక్కాయి. నీళ్ల కోసం రెండు మైళ్లు నడిచి పక్క ఊరి వాళ్ల చేత మాటలు పడటం చాతగాక పోయారు. ముప్పై రెండు ఇళ్లు మిగిలాయి. కనకాంబరం తోటలు రెండూ ఎండి, పట్టుకుంటే విరిగే పుల్లలయ్యాయి. ఏడో ప్రయాణం సుంకమ్మది.

హిందూపురంలో తమ్ముడి కొడుకు ఉన్నాడు. వాడే రమ్మన్నాడు. పొద్దున ఆరున్నరకు రేకుపెట్టె తలమీద పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. కుళ్లాయమ్మ ముందే వచ్చి అక్కడ నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చాలాసేపు రోడ్డు వంపు వైపే చూశారు.

"పోతాండానక్కా" అంది సుంకమ్మ చివరికి.

"పోయొస్తానను మే."

"వచ్చేదుంటే అంటా."

"నాలుగు దినాలు సూడగూడదా? వాళ్లకే బుద్ధొస్తాది."

"బుద్ధొచ్చేలోపల నాకు దప్పికయితాది." బస్సు హారన్ వినిపించింది. "నీకేమిలే. నా వంతు గూడా నీకే."

"తాళమేసిన బాయికి వంతేందే" అనబోయింది కుళ్లాయమ్మ. సుంకమ్మ అప్పటికే మెట్టెక్కింది. బస్సు దుమ్ము రేపుకుంటూ పోయింది. సుంకమ్మ కిటికీ వైపు కూర్చోలేదు. వెనక్కి చూసిందో లేదో తెలియలేదు. ఇరవై ఎనిమిది ఇళ్ల వాళ్లలో ఒక్కరి విషయంలోనూ కుళ్లాయమ్మకు ఈ అనుమానం మిగల్లేదు.

ఆ తర్వాత మూడు రోజులు ఆమెకు నోటికి పని లేదు. పొద్దున లేస్తే తిట్టడానికి మనిషి లేదు. పక్కింటి కోడిని తిట్టి చూసింది, కుదరలేదు. రెండుసార్లు కండక్టరు చేత హిందూపురం కబురు పంపింది. వచ్చెయ్యమని చెప్పడానికి మనసొప్పక, సుంకమ్మ ఇంటి తాళం తుప్పు పట్టిందని చెప్పి పంపింది. జవాబు రాలేదు.

నాలుగో రోజున బావి దగ్గరికి పోయి, బోర్డుకు తగిలించిన ప్లాస్టిక్ సంచి విప్పింది. అరవై నాలుగు పేజీలు. తన మనిషిని ఊరు దాటించింది ఈ పుస్తకమే కాబట్టి, ఇందులో ఏం రాసుందో చూడాలనుకుంది. రోజుకు మూడు పేజీలు, వేలు పెట్టి చదివింది. ‘పరిమితోపయోగిత’ అన్న మాటతో ఒక పూటంతా గడిచింది. ఆ దారిన పోయేవాళ్లు ముసలామెకు మతి తప్పిందనుకున్నారు. ఇరవై రెండో రోజున పుస్తకం అయిపోయింది. మళ్లీ వెనక్కి తిప్పి, పందొమ్మిదో నియమం దగ్గర ఆగి, దాన్ని పైకి చదివింది: ‘పరిశీలన బావి నుండి ప్రతిదినము నీటి నమూనాలను విధిగా సేకరించి పరీక్షింపవలెను. నమూనాలు ముప్పదికి తగ్గరాదు. ఒక్కొక్క నమూనా పరీక్షకు సరిపడునంత ఉండవలెను. సేకర్త స్థానికులును, చదువను వ్రాయను తెలిసినవారును అయి ఉండవలెను.’

ఐదు నెలలుగా ఆ నియమం ఎవరూ పాటించలేదు. ఎవరూ చదవలేదు.

మర్నాడు పొద్దున ఆమె ఏడు గంటల బస్సెక్కింది. పుట్టి బుద్ధెరిగాక ఆ బస్సు ఎక్కడం అదే మొదలు. తనను సాగనంపడానికి ఎవరూ రాకుండా చీకటితోనే బయలుదేరింది. జిల్లా కేంద్రంలో దిగి, అధోజల సంస్కరణ విభాగం ముందు పదకొండు దాకా కూర్చుంటే, పరాంకుశంగారు లోపలికి పిలిచారు. ఆయన వెనక గోడకు నీలం మూత ఫోటో పెద్దది కట్టించి ఉంది, కారు అద్దం మీది వాన చినుకులతో సహా.

గదిలో ఫ్యాను గాలికి బోర్డు మీంచి తెచ్చిన పుస్తకం పేజీలు ఎగురుతుంటే, ఆమె రెండు అరచేతులతో అదిమిపట్టి, పందొమ్మిదో నియమం మొత్తం చదివి వినిపించింది. చదవడం అయ్యాక, దీన్ని అమలు చెయ్యకపోవడం తప్పా కాదా, తెలుసుకుని పోదామని వచ్చాననీ, వేరే ఏమీ లేదనీ చెప్పింది.

పరాంకుశంగారు పుస్తకం అందుకుని చూశారు. నియమం అక్కడే ఉంది. ఆయన ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. వచ్చే నెలలో ఆ పడమటి రాష్ట్రం అధికారులే నడిమికుంటపల్లి విజయం చూడటానికి వస్తున్నారు. తమ చట్టంలోని పందొమ్మిదో నియమం ఎక్కడ అని అడిగితే ఏం చూపించాలి? ఆయన మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, ఈ అంశము విభాగము యొక్క క్రియాశీల పరిగణనలో మొదటి నుంచీ ఉన్నదని అన్నారు. సాయంత్రానికల్లా కుళ్లాయమ్మను గౌరవ నమూనా సేకర్తగా నియమిస్తూ ఉత్తర్వు టైపయింది. పరీక్షకు ఎన్ని నీళ్లు సరిపోతాయని ఆమె అడిగితే, అది పరీక్ష స్వభావమును బట్టి సేకర్త విచక్షణకు వదిలివేయబడినదని రాయించారు. బావి తాళానికి రెండో చెవి ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకున్నారు.

ఆ పూట నుంచి నడిమికుంటపల్లి మొత్తం పరీక్షా కేంద్రమయింది. మిగిలిన ముప్పై ఒక్క ఇళ్లకు ముప్పై ఒక్క నంబర్లు. రోజూ పొద్దున కుళ్లాయమ్మ తాళం తీస్తే, ఇంటికి మూడు బిందెల నమూనా. ఊడదీసిన గిలకల్లో ఒకటి నమూనా యంత్రం అనే పేరుతో మళ్లీ బిగించారు. శేషఫణి రిజిస్టరు తెచ్చి, గీతలు గీసి, ఏ గడిలో ఏం రాయాలో చూపించాడు. మిగతాది ఆమె సొంతంగా రాసింది.

‘నాలుగో కేంద్రం. రెండు బిందెలు. కందిపప్పు పెట్టి చూడడమైనది. బాగా ఉడికినది. పరీక్షకులు ఐదుగురు కూర్చొని తిని ధ్రువపరిచినారు.’

‘పదకొండో కేంద్రం. మూడు బిందెలు. సబ్బు నురుగు పరీక్ష. ఇద్దరు పిల్లకాయలకు తలకు పోయడమైనది. నురుగు వచ్చినది. ఒక పిల్లకాయ ఏడ్చినాడు.’

‘ఇరవయ్యో కేంద్రం. ఎనుము తాగినది. అభ్యంతరం తెలపలేదు.’

‘కనకాంబరం మొక్కలపై నమూనా ప్రభావం. ఆరు బిందెలు. ఇప్పుడే చెప్పడానికి లేదు. రోజూ చూడవలసి ఉన్నది.’

ఈ రిజిస్టరు కాపీలు వారం వారం ఆఫీసుకు వెళ్లేవి. అక్కడ వాటిని లెక్కగట్టి, రంగురంగుల పటాలు గీసి, గోడలకు అంటించారు. ఎనుము అభ్యంతరం తెలపలేదన్న అంశం మీద ఒక జూనియర్ అధికారి ప్రత్యేక పత్రం సమర్పించాడు. బావిలో నీళ్లు మళ్లీ ఏడడుగులు దిగి, వెనకటి ఆరు మెట్ల దగ్గర నిలిచాయి. పరీక్షల సంఖ్య పెరిగినప్పుడు మట్టం స్థిరపడుట సహజమని నివేదిక వివరించింది.

చెప్పిన నెలకు పడమటి అతిథులు వచ్చారు. వాళ్లలో తల నెరిసిన ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. బావి చుట్టూ తిరిగి, సిమెంటు పలకల మీద బూటుతో తట్టి, తన భాషలో ఏదో అడిగాడు. రెండు వేళ్లు దగ్గరగా పెట్టి సన్నటి గొట్టంలా చూపించి, తర్వాత బావి వైపు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. పరాంకుశంగారు అనువదించలేదు. పక్కనున్న గుమాస్తాకు మాత్రం ‘అతిథులు ఆశ్చర్యము వ్యక్తపరచిరి’ అని రాసుకోమన్నారు. ఆ భాష కొద్దిగా వచ్చిన శేషఫణి తర్వాత కుళ్లాయమ్మకు చెప్పాడు: వాళ్ల దగ్గర మట్టం చూడటానికి మూత కింద వేరే సన్న గొట్టం దింపుతారట, జనం తాగే బావుల జోలికి ఎన్నడూ పోరట.

ఆ ఇంజనీరు అంతటితో ఆగలేదు. రిజిస్టరు తిప్పి చూసి, ప్రతి పేజీలోనూ ఖాళీగా ఉన్న చివరి గడి మీద వేలు పెట్టాడు. సాక్షి సంతకం. ఇరవై రెండో నియమం. ఈసారి పరాంకుశంగారు అనువదించక తప్పలేదు. ప్రతి నమూనా తీసేటప్పుడు ఒక స్వతంత్ర సాక్షి ఉండి తీరాలి. సేకర్తా సాక్షీ కుమ్మక్కయ్యే అవకాశం ఉండకూడదు కనుక, వారిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చే స్వభావం గలవారై ఉండరాదు. సాక్షి లేని నమూనాలు చెల్లవు. సాక్షి దొరికేదాకా నమూనాలు ఆపాలి.

బావి గట్టున ముప్పై ఒక్క ఇళ్ల జనం నిలబడి ఉన్నారు. ఈ ముసలామెతో ఏ విషయంలోనూ రాజీ పడని వ్యక్తి గ్రామంలో ఎవరైనా ఉన్నారా అని పరాంకుశంగారు అడిగారు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నీళ్లిచ్చే మనిషితో తగాదా పడినవాళ్లు ఎవరుంటారు?

కుళ్లాయమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఒకామె ఉండాది సార్. నలభై ఆరేండ్లుగా నేను ఔనంటే ఆయమ్మ కాదంటాది."

"ఎక్కడ?"

"హిందూపురంలో. మీరు పిలిస్తే వస్తాది. నేను పిలిస్తే రాదు. అదే రుజువు."

ఇంతటి స్వతంత్ర సాక్షి ఉంటుందని పరాంకుశంగారు కలలో కూడా అనుకోలేదు. అయినా నోటిమాట చాలదన్నారు. ఊరు ధ్రువపత్రం రాసింది. కుళ్లాయమ్మ, సుంకమ్మ అనే తోడికోడళ్లు బావి మీద మోటారు విషయంలోనే కాక, దీపం ఏ వైపు పెట్టాలి, చారులో చింతపండు ఎంత, వాన ఎప్పుడొస్తుంది మొదలైన సకల విషయాల్లోనూ ఏనాడూ ఒక్క మాట మీద నిలబడి ఎరగరని ముప్పై ఒక్క ఇళ్ల వాళ్లు సంతకాలు, వేలిముద్రలు వేశారు. పటాలు, ముద్రలతో సహా సమన్లు రిజిస్టరు పోస్టులో హిందూపురం వెళ్లాయి. సాక్షి వచ్చేదాకా బావికి తాళం పడింది.

పదకొండు రోజులు గడిచాయి. ఊరు మళ్లీ పక్క ఊరికి బిందెలు మోసింది. కుళ్లాయమ్మ రోజూ సాయంత్రం అటునుంచి వచ్చే బస్సు వేళకు రోడ్డు మీదికి పోయేది. ఇన్నేళ్లూ పోయే బస్సు దగ్గర నిలబడ్డ మనిషి, వచ్చే బస్సు కోసం నిలబడటం ఎట్లాగో తెలియక, అలవాటు చొప్పున రోడ్డుకు అవతలి పక్కనే నిలబడేది. అక్కడ తమ్ముడి కొడుకు మంచి ముద్ద పెడుతున్నాడేమో, కొళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయేమో, పోస్టు కాగితం చూసి బెదిరి ఇంకా దూరం పోయిందేమో. రకరకాల ఆలోచనలతో ఇంటికొచ్చి పడుకునేది.

పన్నెండో రోజు బస్సు ఆగింది. ముందు రేకుపెట్టె దిగింది, దాని వెనక సుంకమ్మ.

"పోలీసు కేసనుకొని నా గుండె జారిపాయ" అంది దిగుతూనే. "తమ్మునికొడుకు ముద్ర సూసి, అత్తా నువ్వేం చేసినావని నిలదీసె. నువ్వు పిలిస్తే రాలేదు నేను. గవర్నమెంటు పిలిచిందని వచ్చినా."

"నేనెందుకు పిలుస్తా నిన్ను" అంది కుళ్లాయమ్మ, పెట్టెకు ఒక పక్క చెయ్యి వేస్తూ. కళ్లు తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీగా ఉండటం మంచిదయింది.

మర్నాడు బావి గట్టున శేషఫణి సాక్షి నియామకపు ఉత్తర్వు తెచ్చి ఇచ్చాడు. సుంకమ్మకు చదువు రాదు. వేలిముద్ర వెయ్యబోయే ముందు అందులో ఏముందో చెప్పమంది. కుళ్లాయమ్మ వేలు పెట్టి మొదటి నుంచీ చదివింది. ప్రతి నమూనాకూ హాజరు కావలెను. సేకర్త చెప్పినదానికి తల ఊపరాదు. అన్నీ అయ్యాక చివరి పేరా వచ్చింది. కుళ్లాయమ్మ దాన్ని లోపల ఒకసారి చదువుకుని, తర్వాత పైకి చదివింది: ‘భూజల పరిశీలన దీర్ఘకాలిక ప్రక్రియ అయినందున దీని వ్యవధి ముప్పది సంవత్సరములు. వ్యవధి ముగియులోగా సాక్షి గాని సేకర్త గాని స్థలము విడిచి పోరాదు.’

సుంకమ్మ వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది.

"నాకిప్పుడు డెబ్బై గదా. నూరేండ్లు వచ్చేదాకా యాడికీ పోగూడదా?"

"పోగూడదు."

"నువ్వు?"

"నేను గూడా. ఇద్దరినీ కలిపే రాసినారు."

సుంకమ్మ బావిలోకి చూసి, మళ్లీ కాగితం వైపు చూసింది.

"నడుమ మనలో ఒకరికి ఏమన్నా అయితే?"

కుళ్లాయమ్మ కాగితం తిప్పి వెనక చూసింది. మళ్లీ ముందుకు తిప్పి, మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి వేలు నడిపించింది.

"దాన్ని గురించి ఏమీ రాయలేదు" అంది.

"అయితే కాదులే" అంది సుంకమ్మ, బొటనవేలు సిరాలో అద్దుతూ. "రాయనిది వీళ్లు యాడ జరగనిస్తారు?"